బావ అంటే మచ్చా కాదు

మన సంఘం పిల్లల్లో ఒకమ్మాయి ఈమధ్య మా ఇంటికొచ్చి, "తాతా, నాను యూనివర్సిటీలో కార్పొరేట్ గవర్నెన్స్ సదువుతన్నాను లా. మీరూ అదే సదివినారంట కదా, ఏటైనా సెప్పండి" అంది. తెలుగులో మొదలుపెట్టి, మలేషియాలో అందరం మాట చివర తగిలించే 'లా' తగిలించి, ఇంగ్లీషులోకి వెళ్ళి, తమిళం మీదుగా తిరిగొచ్చింది పిల్ల. ముచ్చటేసింది. చెప్పడానికి మాత్రం ఏమీ తోచలేదు. ఆ చదువులో నేను బట్టీపట్టిన సూత్రాలన్నీ రిటైరైన రోజే ఆఫీసు సొరుగులో ఉండిపోయాయి. నా దగ్గర మిగిలింది ఒక్క తెలుగు మాట, దానివల్ల నేను పడ్డ భయమూను. ఆ పిల్లకి అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. మీరూ చదువుకోండి.

సుంగై పెటానిలో రబ్బరు గ్లవ్స్ తయారుచేసే ఒక కంపెనీలో, కంపెనీ సెక్రటరీ దగ్గర నేను అసిస్టెంటుని. బోర్డు మీటింగు జరిగితే కుర్చీలు సర్దించడం, కాగితాలు అందించడం, ఓ మూల కూర్చుని మినిట్స్ రాయడం నా పని. డైరెక్టర్లు అన్నవి రాయాలి, అనుకున్నవి రాయకూడదు. ఈ ఉద్యోగానికి నాలాంటివాడే కావాలి. నేను పుట్టు పిరికివాణ్ణి. చిన్నప్పుడు మా రబ్బరు ఎస్టేటు గుమాస్తా గారి కుక్కకి దణ్ణం పెట్టి మరీ పక్కనుంచి వెళ్ళేవాణ్ణని మా అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

నలభై దాటాక నన్ను చదువులో పెట్టింది మా సెక్రటరీ. చైనీసావిడ. మాట కరుకు, మనిషి మంచిది. "నా తర్వాత ఈ కుర్చీలో నువ్వు కూర్చోవాలంటే డిప్లొమా ఉండాలి, వెళ్ళి చదువు" అని ఒక యూనివర్సిటీలో చేర్పించింది. శని, ఆదివారాల్లో క్లాసులు. మాకు పాఠం చెప్పేది ఒక మలయ్ లెక్చరరు. అందరం ఆవిణ్ణి పువాన్ అనేవాళ్ళం, మనం మేడమ్ అన్నట్టు. ఆవిడ ఎన్నడూ గొంతు పెంచేది కాదు. అరిస్తే బాగుండునని మాకే అనిపించేది. అంత నెమ్మదిగా ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా అలా చూస్తూ నిలబడేది.

ఆవిడ ఎక్కువ వారాలు చెప్పిన పాఠం స్వతంత్ర డైరెక్టర్ల గురించి. కంపెనీ బోర్డులో యజమాని మనుషులతో పాటు, ఆయనతో చుట్టరికమూ వ్యాపారమూ లేని బయటివాళ్ళు కొందరు ఉండాలి. యజమాని తప్పుదారి పడుతుంటే 'కాదు' అనడం వాళ్ళ పని. ఇంతే విషయం. ఇందులో భయపడ్డానికేముంది అనుకునేవాణ్ణి, మా కంపెనీలో బాయిలర్ గొడవ వచ్చేదాకా.

మా బాయిలరు పాతది. బయటినుంచి వచ్చిన ఇంజినీరు ఒకాయన దాన్ని చూసి, లోపలి గొట్టాలు పలచబడ్డట్టున్నాయి, వెంటనే ఆపి విప్పి చూడాలన్నాడు. ఆపితే ఫ్యాక్టరీ మొత్తం ఆగుతుంది. చేతినిండా ఆర్డర్లున్న రోజులు. మా ఎం.డి. గారు ఆపడానికి ఇష్టపడలేదు. ఈ సంగతి తేల్చమని బోర్డు ఒక స్వతంత్ర డైరెక్టరుకి అప్పగించింది. ఆయన రిటైరైన బ్యాంకు మేనేజరు. పరిశీలించి, ఆర్డర్లు పంపేదాకా నడపవచ్చని చెప్పాడు. తరువాతి మీటింగులో ఓటు వేసి ఖాయం చేద్దామనుకున్నారు.

ఎం.డి. గారూ, ఆ డైరెక్టరూ ఇద్దరూ తెలుగువాళ్ళే. అది అందరికీ తెలుసు. బోర్డులో మలయ్‌లున్నారు, చైనీయులున్నారు, ఇద్దరు తెలుగువాళ్ళుంటే తప్పేమిటి? డైరెక్టరు గారిని మన సంఘం పండగల్లో నేను 'మావా' అనే పిలిచేవాణ్ణి. మన సంఘంలో మీసం నెరిసిన ప్రతివాడూ మావే కదా. ఆఫీసులో మాత్రం సర్ అనేవాణ్ణి. వాళ్ళిద్దరూ ఒకరినొకరు మిస్టర్ అని, ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవారు.

డైరెక్టరు గారు నడపవచ్చని చెప్పిన ఆ మీటింగు ముగిసి అందరూ లేస్తున్నారు. ఎం.డి. గారు ఫోను చూసుకుంటూ నడిచి, నేలమీది ప్రొజెక్టరు వైరుకి కాలు తగిలి ముందుకి తూలారు. డైరెక్టరు గారు గభాల్న చెయ్యి అందిస్తూ అరిచారు.

"బావా! సూసుకో!"

ఎం.డి. గారు పడలేదు. అందరూ అమ్మయ్య అనుకుని టీ తాగడానికి వెళ్ళారు. నేను మాత్రం పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆ గదిలో తెలుగు తెలిసిన మూడోవాణ్ణి నేనొక్కణ్ణే.

మీకు ఇది వింతగా ఉండొచ్చు. ఆంధ్రాలో ఇప్పటి కుర్రాళ్ళు స్నేహితుణ్ణి కూడా బావా అంటున్నారట. మా తరంలో అలా అంటే చెంప పగిలేది. అన్న, అక్క, మావ, అత్త, ఈ వరసల్ని మనం దారినపోయేవాళ్ళకి కూడా పంచిపెడతాం. బావ వరస అలా పంచేది కాదు. బావా అని పిలవాలంటే మేనత్తో అక్కో, మధ్యలో ఒక ఆడపడుచు ఉండాలి. పైగా ఆయన పిలిచింది సరదాకి కాదు, మనిషి పడిపోతున్నప్పుడు. అలాంటప్పుడు నోటికొచ్చేది నిజం వరసే.

ఇంటికెళ్ళి అమ్మని అడిగాను. అమ్మ పుట్టింది సుంగై సిపుట్ దగ్గరి ఎస్టేటులో. ఎం.డి. గారి భార్యదీ ఆ ఊరే.

"అమ్మా, మా ఎం.డి. గారి ఇంటామికీ, ఆ బ్యాంకు మావకీ ఏటైనా సుట్టరికమా?"

"సుట్టరికమేట్రా? సొంత తమ్ముడు."

"ఒక తల్లి బిడ్డలేనా?"

"ఒక తల్లేటి? అప్పాసెల్లెళ్ళ బిడ్డలు. ఈడి తల్లి ఆమికి పిన్ని. ఆ పిన్ని సచ్చిపోతే ఈణ్ణి ఆ అప్పే సంకనేసుకుని పెంచినాది. ఎస్టేటులో అందరికీ ఎరికే."

"అయితే సొంత తమ్ముడు కాదమ్మా, పిన్ని కొడుకు."

"పిన్ని కొడుకు తమ్ముడు కాకపోతే మరేటవుతాడ్రా, మరిదవుతాడా? ముసిలోడివవుతూ యూనివర్సిటీకెల్లి ఇదేనా నువ్వు సదివినది!"

నేను నా పుస్తకాలు తిరగేశాను. నియమంలో భార్య ఉంది, తల్లిదండ్రులున్నారు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఉన్నారు, వాళ్ళ మొగుళ్ళూ పెళ్ళాలూ ఉన్నారు. పిన్ని కొడుకు లేడు. ఇంగ్లీషువాడు పిన్ని కొడుకునీ మేనమామ కొడుకునీ ఒకే గోనెలో వేసి కజిన్ అని మూతికట్టేశాడు. అంటే డైరెక్టరు గారు తనకి బంధుత్వం లేదని చెప్పుకోవడంలో అబద్ధమేమీ లేదు.

అమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఎగిరి గంతేసినంత పని చేశాను. తప్పు లేదు కాబట్టి నేను నోరు విప్పక్కర్లేదు. నాన్న పోయినప్పుడు కొడుకులా నిలబడి అన్నీ జరిపించిన పెద్దమనిషి ఎం.డి. గారు. అలాంటాయన మీద ఫిర్యాదు చేసే గతి నాకు పట్టలేదని, దేవుడి పటం దగ్గర కర్పూరం కూడా వెలిగించాను.

ఆ ఊరట సోమవారం మధ్యాహ్నందాకా నిలిచింది. మా చెల్లి అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగంలో పని చేసేది. పొద్దున ఇంట్లో మరిచిపోయిన అన్నం డబ్బా ఇద్దామని వెళ్ళాను. ప్యాకింగ్ హాల్లో ఏసీ చలి విపరీతం. అందుకని ఆడవాళ్ళంతా తినేవేళకి కుర్చీలు తెచ్చి ఒక గోడకి వేసుకుని, వీపులు ఆనించి కూర్చునేవారు. ఆ గోడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది. దానికవతల బాయిలరు.

"అన్నియ్యా, ఇటు రా, సెయ్యెట్టి సూడు" అంది చెల్లి. "ఈమజ్జిన గోడ ఏడెక్కువైనాది. లోపల ఏటో బుసబుసమంటంది. మాకు మాత్రం హాయిగా ఉంది లా."

చెయ్యి పెట్టాను. వెంటనే తీసేశాను. కాలి కాదు, భయమేసి. చెల్లి పక్కన కూర్చున్న ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వారు. ఆ గోడకి ఆనిన వీపులన్నీ ఒక్కసారి చూశాను. చెల్లిని ఇవాళ సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపొమ్మన్నాను. "పిచ్చేటి నీకు?" అని అన్నం కలుపుకుంది.

ఆ వారం క్లాసులో ప్రతివాళ్ళూ ఒక బోర్డు గురించి చెప్పాలి. నేను పేర్లు తీసేసి, "ఒక కంపెనీ" అని మొదలుపెట్టి ఈ బావ సంగతి చెప్పాను. ముందు వరసలో ఉన్న తమిళ కుర్రాడు పకపకా నవ్వాడు. "అణ్ణే, బావ అంటే మా తమిళంలో మచ్చానే కదా! మేం అందర్నీ మచ్చా అనే పిలుస్తాం. మలయ్‌వాళ్ళూ పిలుస్తారు." క్లాసంతా నవ్వింది. నిజమే, ఈ దేశంలో రొట్టెలు వేసేవాడు మచ్చా, బండి బాగుచేసేవాడు మచ్చా.

పువాన్ నవ్వలేదు. "మీ భాషలో ఆ మాట ఎవరిని అంటారు?" అని అడిగింది. చెప్పాను. పిన్ని కొడుకు నియమంలో లేడని కూడా ముందే చెప్పేశాను, తప్పించుకుందామని.

"సరే, నియమంలో లేడు. పెంచిన అక్క వడ్డిస్తుంటే తిని వచ్చినవాడు, బోర్డులో ఆమె భర్తకి 'కాదు' అనగలడా?"

"అనలేడు."

"ఈ చుట్టరికం ఆ బోర్డుకి తెలుసా?"

"తెలీదు."

"మరి ఎవరికి తెలుసు?"

ఎప్పటిలాగే జవాబు వచ్చేదాకా చూస్తూ నిలబడింది. "నాకు" అన్నాను చివరికి. అది నా కంపెనీయేనని అందరికీ అర్థమైపోయింది. ఆవిడ తలూపి, "కూర్చోండి" అని మాత్రం అంది. ఏం చెయ్యాలో చెబుతుందేమోనని ఆశపడ్డాను. చెప్పలేదు. ఆవిడ మీద నాకు పీకల్దాకా కోపం వచ్చింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే నలుగురిలో అన్నం పెట్టిన చేతిని కరిచినవాణ్ణవుతాను. సంఘంలో తలెత్తుకోలేను. ఉద్యోగం సంగతి సరేసరి. చెప్పకపోతే ఆ గోడ. మా ఆవిడ సంగతి విని, "మనకెందుకు లా? పెద్దోళ్ళు పెద్దోళ్ళు సూసుకుంటారు. నువ్వు నోరు మూసుకో" అంది. కాసేపాగి, "గోడ నిజంగా అంత ఏడిగా ఉందేటి?" అని తనే అడిగింది. ఉందన్నాను. ఆ తర్వాత నోరు మూసుకోమని మళ్ళీ అనలేదు.

మా సెక్రటరీకి కార్ పార్కులో చెప్పాను, ఆఫీసు గోడల్ని కూడా నమ్మలేక. ఆవిడ తాళంచెవి చేతిలో తిప్పుకుంటూ అంతా వింది.

"ఓటు ముందు బంధుత్వాలేమైనా ఉన్నాయా అని అడగడం నా విధి. అడుగుతాను" అంది. "కానీ ఆ మాటకి అర్థం నన్నడిగితే నాకు తెలీదు. నీ భాష నీదే. ఆలోచించుకో."

పిల్లి మెడలో గంట కట్టే పని మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

మీటింగు రోజు పొద్దున పెద్ద వాన. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళానని, అక్కడి టీ ఇచ్చే ఆవిడ చెబితే గాని తెలీలేదు. బోర్డు గదిలో నా మూల కూర్చున్నాను. మినిట్స్ పుస్తకంలో తేదీ రెండుసార్లు రాశాను.

బాయిలరు సంగతి వచ్చింది. సెక్రటరీ ఎప్పటిలాగే, "ఓటు ముందు ఎవరైనా తెలియజేయాల్సిన సంబంధాలున్నాయా?" అని అడిగింది. అందరూ కాగితాలు తిరగేస్తున్నారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "కిందటిసారి ఎం.డి. గారు తూలినప్పుడు డైరెక్టరు గారు ఆయన్ని బావా అన్నారు. దానర్థమేమిటో తెలుసుకోవచ్చా?"

డైరెక్టరు గారు బల్లకేసి చూస్తున్నారు. ఎం.డి. గారు హాయిగా నవ్వారు. "అదా? మచ్చా, అంతే లా!"

ఛైర్మను మలయ్ పెద్దమనిషి, సర్కారు బిరుదున్నవాడు. అందరం దాతో అని పిలిచేవాళ్ళం. ఆయనా నవ్వేశాడు. "ఓ, మచ్చా! మా వీధి చివర రొట్టెల కొట్టువాడు నన్నూ మచ్చా అంటాడు!" బోర్డంతా నవ్వులు. నవ్వుతూ నవ్వుతూ దాతో చూపు నా మూలకి తిరిగింది. "నువ్వూ తెలుగే కదా? రెండూ ఒకటేనా?"

తల ఒక్కసారి ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. ఎం.డి. గారు నా వైపు తిరిగి, "సెప్పు బాబూ, సెప్పు" అన్నారు తెలుగులో. గొంతులో కోపం లేదు. ఎంతో ప్రేమగా అన్నారు. మా నాన్న పాడె దగ్గర "ఏడవకు బాబూ" అన్నదీ అదే గొంతుతోనే. కోప్పడి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

ఆ గోడకి పెట్టిన నా అరచెయ్యి ఇంకా వెచ్చగా ఉన్నట్టనిపించింది.

"ఒకటి కాదు, దాతో" అన్నాను. "మచ్చా అని ఎవర్నైనా అనొచ్చు. బావ అని ఊరికే అనం. మేనత్తో అక్కో, మన ఆడపడుచు ఆ ఇంట్లో ఉంటేనే అంటాం."

దాతో డైరెక్టరు గారి వైపు తిరిగాడు. "మీ సిస్టరా?"

"కజిన్" అన్నారాయన, బల్లమీంచి కళ్ళెత్తకుండా.

"కజిన్! నియమాల్లో కజిన్ లేదు!" అన్నారు ఎం.డి. గారు. "అది నిజమే" అంది సెక్రటరీ. ఇక అయిపోయింది, నా పని అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, ఎం.డి. గారికేసి చూసి, తెలుగులో మాట్లాడారు. ఆ గదిలో అంత తెలుగు అంతకు ముందెన్నడూ వినబడి ఉండదు.

"బావా, నాను అప్పని కజినన్నానని తెలిస్తే అప్ప నాతోటి మాటాడదు. ఆ ఇంజినీరు సెప్పిన కాడినుండీ నాకు బయమే. నిద్దర్నేదు. నీకు కాదని సెప్పడానికి నాకు నోరు రానేదు. ఎవులైనా నన్ను అడిగితే బాగుణ్ణని సూసినాను. ఎవులూ అడగనేదు."

ఎం.డి. గారి మొహం నేను చూడలేకపోయాను. దాతో మళ్ళీ నా వైపే తిరిగాడు. "ఏమన్నారాయన?"

ఒక్కొక్క మాటే ఇంగ్లీషులో చెప్పాను. పక్కవాడు కూడా భయపడ్డాడని తెలిస్తే మన భయం తగ్గుతుందంటారు, నాకు తగ్గలేదు. ఆయన మీద జాలి మాత్రం కడుపులోంచి తన్నుకొచ్చింది. అంత పెద్దమనిషి, అన్నాళ్ళూ, నాలాగే.

ఆయన ఓటు వేయనని బయటికి వెళ్ళిపోయారు. బాయిలరు వెంటనే ఆపి, సర్కారు ఇన్‌స్పెక్టరుని పిలవాలని మిగిలినవాళ్ళు తీర్మానించారు. మినిట్స్‌లో నేను రాసింది ఇంతే: సంబంధం తెలియజేశారు, ఓటింగు నుంచి తప్పుకున్నారు.

తర్వాత నన్నెవరూ తీసెయ్యలేదు. ఎం.డి. గారు నన్ను బాబూ అనడం మానేసి మిస్టర్ అనడం మొదలుపెట్టారు. సెక్రటరీ కుర్చీ వేరేవాళ్ళకి వెళ్ళింది, నేను తెలుక్ ఇంటాన్ బ్రాంచికి వెళ్ళాను. రిటైరైంది అక్కడే. సంఘంలో కొందరు ఇప్పటికీ నా పక్క కుర్చీ ఖాళీగా వదిలేస్తారు. ఆ బ్యాంకు మావ మాత్రం ప్రతి ఉగాదికీ వచ్చి అందులో కూర్చుంటాడు. ఆ రోజు గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. పచ్చడిలో చేదెక్కువైందని మాత్రం మాట్లాడుకుంటాం.

యూనివర్సిటీ పరీక్షలో స్వతంత్రత గురించి పెద్ద ప్రశ్నే వచ్చింది. మా కంపెనీ సంగతి రాయడానికి ధైర్యం చాలక సూత్రాలు రాసి వచ్చాను. బొటాబొటి మార్కులతో గట్టెక్కాను. "అనుభవంలోంచి ఉదాహరణలు లేవు" అని పువాన్ వ్యాఖ్య. ఆ పిల్లకి ఇది కూడా చెప్పాలి.

ఇక బాయిలరు. అది చల్లారడానికి కొన్ని రోజులు పట్టింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు గోడ చల్లబడిందని సణిగారట. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నేను అక్కడ లేను, ఇదంతా చెల్లి చెప్పిందే. ఆయన లోపలికి దూరి చాలాసేపు ఉన్నాడట. బయటికొచ్చాక మేనేజరుతో మాట్లాడకుండా, చుట్టూ తిరిగి ప్యాకింగ్ హాల్లోకి వచ్చి, ఆ గోడ మీద చెయ్యి పెట్టి, ఇక్కడ ఎవరు కూర్చుంటారని మలయ్‌లో అడిగాడట.

"మేమేనండి" అంది మా చెల్లి. "ఎచ్చగా ఉంటాదని."

ఆయన ఒళ్ళంతా మసితోనే, ఆ కుర్చీలు తనే ఒక్కొక్కటీ ఎత్తి, మోసుకెళ్ళి, హాలు అవతలి గోడ దగ్గర పెట్టాడట.